టూపాక్, బిగ్గీ మధ్య గీసిన గీత సంగీతంలో లేదు

అమెరికన్ రాపర్లలో టూపాక్ గొప్పా, బిగ్గీ గొప్పా అన్న వాదన ఇన్నేళ్లయినా తెగలేదు. 1996 సెప్టెంబరులో లాస్ వెగాస్‌లో టూపాక్ షకూర్ తూటాలకు బలయ్యాడు. ఆరు నెలలు తిరక్కుండానే లాస్ ఏంజెలెస్‌లో నొటోరియస్ బి.ఐ.జి. అనే పేరుతో పాడిన బిగ్గీకీ అదే గతి పట్టింది. ఒకరికి 25 ఏళ్లు, మరొకరికి 24. ఆ చావుల నీడలో వాళ్ల పాటల్ని సాక్ష్యాల కోసం వెతికేవాళ్లే ఎక్కువయ్యారు, పాటలుగా విన్నవాళ్లు తగ్గిపోయారు. న్యూయార్క్ వైపు ఈస్ట్ కోస్ట్ ఒకటి, కాలిఫోర్నియా వైపు వెస్ట్ కోస్ట్ ఒకటి అని చెరో ఒడ్డున నిలబెట్టి ఇద్దరికీ అన్యాయమే చేశాం.

వెస్ట్ కోస్ట్‌కి ప్రతీకగా నిలిచిన టూపాక్ పుట్టింది న్యూయార్క్‌లోని హార్లెంలో. బాల్టిమోర్ ఆర్ట్స్ స్కూల్లో చదివి, 1988లో గానీ కాలిఫోర్నియా చేరలేదు. లాస్ ఏంజెలెస్ వాడైన రాపర్ ఐస్ క్యూబ్ తన బృందం ఎన్.డబ్ల్యు.ఎ. నుంచి బయటికొచ్చాక, 1990లో తన తొలి సోలో ఆల్బమ్ కోసం న్యూయార్క్ వెళ్లి అక్కడి రాప్ బృందం పబ్లిక్ ఎనిమీకి సంగీత నిర్మాతలైన బాంబ్ స్క్వాడ్‌తో పనిచేశాడు. ఇక బ్రూక్లిన్ బిడ్డ బిగ్గీ 1994లో ఇచ్చిన ‘బిగ్ పాపా’ వినండి. పాత సోల్ బృందం ఐస్లీ బ్రదర్స్ పాట మీద సన్నగా సాగే ఆ సింథ్ (సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ వాద్యం) కాలిఫోర్నియా గాలే.

అలాగని ప్రాంతీయ శైలులే లేవని కాదు. ఉన్నాయి, వాటికి గట్టి కారణాలూ ఉన్నాయి. న్యూయార్క్‌లో డీజే ప్రీమియర్, పీట్ రాక్ లాంటి సంగీత నిర్మాతలు పాత జాజ్ రికార్డుల్లోంచి చిన్న ముక్క కత్తిరించి, గరుకైన డ్రమ్స్ మీద తిప్పి తిప్పి వాయించారు. అక్కడి రాపర్ నాస్ ఆల్బమ్ ‘ఇల్మాటిక్’లో జాజ్ కళాకారుడు అహ్మద్ జమాల్ పియానో అలా వచ్చిందే. లాస్ ఏంజెలెస్ నిర్మాత డాక్టర్ డ్రే దారి వేరు. 1992 నాటి ‘ద క్రానిక్’లో ఆయన ఫంక్ బృందం పార్లమెంట్-ఫంకడెలిక్ బాణీలను చాలాచోట్ల వాద్యకారుల చేత స్టూడియోలో మళ్లీ వాయింపజేశాడు. లోతైన బేస్, నెమ్మదైన నడక, పైన ఈల లాంటి సింథ్: కారులో తిరిగే ఊరికి తగిన సంగీతం. దీని వెనక డబ్బు లెక్కా ఉంది. 1991 డిసెంబరులో రాపర్ బిజ్ మార్కీ కేసులో కోర్టు తీర్పు వచ్చాక అనుమతి లేకుండా శాంపిల్, అంటే పాత రికార్డులోని ముక్క, వాడటం ప్రమాదమైపోయింది. బాణీని కొత్తగా వాయిస్తే పాట రాసినవారి హక్కులకు చెల్లిస్తే చాలు, అసలు రికార్డు యజమానిని అడగక్కర్లేదు. ఒక ప్రాంతపు ఆత్మ అని మనం మురిసిపోయే శబ్దం వెనక ఇలాంటి లెక్కలూ ఉంటాయి.

రాపర్లుగా చూస్తే నా ఓటు బిగ్గీకే. పాట కాగితం మీద పెట్టకుండా తలలోనే అల్లుకునేవాడని పేరు. ప్రాస పాదం చివర్లోనే కాక మధ్యలోనూ పడుతుంది, అయినా మాట్లాడుతున్నట్టే ఉంటుంది. ‘గిమ్మీ ద లూట్’లో ఇద్దరు దొంగల గొంతులూ తనవే. గొంతు ఎత్తు మార్చి, ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో తెలియనివ్వకుండా కథ నడిపిస్తాడు. ఆ పనితనం టూపాక్‌లో లేదు. కానీ టూపాక్ అచ్చుల్ని సాగదీసి, తన గొంతు మీద తన గొంతే మరోసారి రికార్డు చేసి పలికితే చర్చిలో ప్రసంగం విన్నట్టు ఒళ్లు జలదరిస్తుంది. నల్లజాతి హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ పార్టీ సభ్యురాలైన తల్లి అఫెనీ గురించి పాడిన ‘డియర్ మామా’లో ప్రాసలు సాదావే. ఆమె మాదకద్రవ్యాల వ్యసనాన్ని దాచకుండానే ఆమెను ప్రేమించిన తీరు మాత్రం బిగ్గీకి ఎన్నడూ అందలేదు.

ఈ రెండు తీరాల రభసలో అసలు నష్టపోయింది దక్షిణాది. 1995 ఆగస్టులో న్యూయార్క్‌లో హిప్-హాప్ పత్రిక ‘ద సోర్స్’ అవార్డుల వేదిక మీదే వెస్ట్ కోస్ట్ రికార్డు కంపెనీ డెత్ రో, బిగ్గీ కంపెనీ బ్యాడ్ బాయ్ వర్గాల వైరం బట్టబయలైంది. అదే రాత్రి ఉత్తమ కొత్త బృందంగా అవార్డు అందుకున్న అట్లాంటా జంట అవుట్‌కాస్ట్‌ను సభ గేలి చేసింది. దక్షిణాదికీ చెప్పాల్సింది ఉందని ఆ జంటలో ఒకడైన ఆండ్రే ఆ గోలలోనే తేల్చి చెప్పాడు. తర్వాతి దశాబ్దాల్లో హిప్-హాప్‌కి కేంద్రం అట్లాంటాయే అయింది. దక్షిణాదికే చెందిన హ్యూస్టన్ బృందం గెటో బాయ్స్‌ని, మెంఫిస్ రాపర్లని పక్కనపెట్టి క్లాసిక్ హిప్-హాప్‌లో ఎవరు గొప్పో తేల్చే జాబితాలు ఇప్పటికీ వస్తున్నాయి. వాటిని నేను నమ్మను.