డ్రిప్ పైపులు పరిచేస్తే పనైపోయినట్టేనా?

వాట్సాప్‌లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "డ్రిప్ వేస్తే సగం నీళ్లు మిగులుతాయి, దిగుబడి రెట్టింపవుతుంది. అయినా రైతులు పాత అలవాటు వదలరు. సబ్సిడీ ఇచ్చి ప్రతి పొలంలో పైపులు పరిచేస్తే చాలు." ఒక్కో ముక్కా విడదీసి చూద్దాం.

సగం నీళ్లు మిగులుతాయట. ఎవరికి? చాళ్లలో పారిన నీళ్లన్నీ వృథా పోవు. కొన్ని ఆవిరవుతాయి, కొన్ని కింది పొలానికి జారతాయి, కొన్ని ఇంకి ఎవరి బావిలోనో ఊరతాయి. డ్రిప్ ఎక్కువగా ఆపేది ఆ జారే, ఇంకే నీళ్లనే. రైతుకు మోటారు ఖర్చు తగ్గుతుంది, నిజమే. కానీ మిగిలాయనుకున్న నీళ్లతో ఆయన ఇంకాస్త చెలక తడుపుతాడు, లేదా నీళ్లెక్కువ తాగే పంటకు మారతాడు. అమెరికాలోని కాన్సాస్‌లో పాత స్ప్రింక్లర్లు తీసి, నేలకు దగ్గరగా చల్లే నాజిళ్లు పెట్టారు. భూగర్భజలాల వాడకం తగ్గకపోగా పెరిగిందని 2014లో ఒక అధ్యయనం తేల్చింది. తోడే నీటికి హద్దు పెట్టకుండా పరికరం మారిస్తే జరిగేది ఇదే.

దిగుబడి రెట్టింపు మాట అమ్మేవాళ్లది. ఇంతకుముందు నీళ్లు చాలక ఎండిన పంటకు బాగా పెరగొచ్చు, వేళకు తడి అందుతున్న పంటకు అంత తేడా రాదు.

ఇక "అలవాటు వదలరు" అన్న మాట. నాకు ఒళ్లు మండేది దీనికే. కాలువ గండి పడితే కంటికి కనబడుతుంది, పారతో రెండు పెళ్లలు వేస్తే ఆగుతుంది. మొక్క మొదట్లో చుక్కలు వదిలే డ్రిప్పర్ మూసుకుపోతే మొక్క వాడేదాకా తెలియదు. అందులో నీళ్లు పారే దారి మిల్లీమీటరు వెడల్పు ఉంటుందో లేదో. నీళ్లలో సున్నం, ఇనుము ఎక్కువైతే లోపల పొరకడుతుంది. గంటకు 4 లీటర్ల డ్రిప్పర్ కింద 3 నిమిషాలు గ్లాసు పెడితే 200 మిల్లీలీటర్లు రావాలి. లైను మొదట్లో అంతే వచ్చి చివర 120 దగ్గర ఆగిందంటే, ఆ చివరి మొక్కలు పస్తున్నట్టే. పూత మీద ఇలా జరిగి, మెకానిక్ పది రోజులకు వస్తే? పైగా కౌలు రైతైతే, వచ్చే ఏడు తన చేతిలో ఉంటుందో లేదో తెలియని పొలంలో ఫిల్టర్లు ఎందుకు బిగిస్తాడు? ఇది మొండితనం కాదు, లెక్క.

సబ్సిడీతో పైపు వస్తుంది. ఫిల్టర్ కడగడం, పైపుల చివరి మూతలు (ఎండ్ క్యాపులు) తీసి మట్టి వదలడం, లోపలి పొర కరగడానికి యాసిడ్ ఎంత పట్టించాలో పక్కనుండి చూపించడం దాంతోపాటు రావు. పైపులు వేసిన రోజు ఫొటో దిగేవాళ్లు రెండో పంటకు కూడా ఒకసారి వచ్చి ఆ గ్లాసు పెట్టి చూస్తే ఎంతో మేలు.

అసలు అన్నిటికీ డ్రిప్పే కావాలా? వరికి, నీళ్లు ఎంత లోతుకు దిగాయో చూసేందుకు చుట్టూ బెజ్జాలు పెట్టిన 30 సెంటీమీటర్ల గొట్టం ఒకటి మడిలో పాతితే చాలు. లోపలి నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్లు కిందికి దిగాక మళ్లీ తడి ఇవ్వొచ్చు. పూత దశలో మాత్రం నీరు నిలవాలి. ఖర్చు దాదాపు లేదు. అయినా చాలామంది పాతరు. నీటి తీరువా ఎకరాల లెక్కన కట్టించుకునే చోట, ఒక తడి తగ్గించినందుకు రైతు చేతికి వచ్చేదేముంది?