పాప కొట్టిన రెండో చప్పట

బెంగళూరు మారతహళ్లిలో ఒకటో తరగతి పిల్లకి హోంవర్క్ ఏంటో తెలుసా? చప్పట్లు. మాట పలుకుతూ, ఒక్క ఊపులో పలికే ముక్కకి, అంటే సిలబుల్‌కి ఒకటి చొప్పున కొట్టాలి. మా పాప 'స్కూల్'కి రెండు కొట్టింది. టీచరమ్మ ఎర్రసిరాతో ఇంటూ పెట్టి, కింద 'మదర్ టంగ్ ఇన్‌ఫ్లుయెన్స్' అని రాసి పంపింది. అదేదో అంటుజ్వరమైనట్టు! ఒళ్ళు మండింది.

మా ఇంట్లో అది 'స్కూలు'. బస్సు, కారు, బల్బు, ఫ్యాను... సున్నా సంగతి పక్కన పెడితే, తెలుగు నోరు మాటని హల్లు దగ్గర వదలదు, ఓ ఉకారం తగిలిస్తుంది. అజంత భాష అంటూ సభల్లో శాలువాలు కప్పుకొని మురిసిపోయేది ఈ గుణానికేగా! ఇంగ్లీషు మనకి ఉల్టా. 'స్ట్రెంగ్త్స్' చూడండి. అచ్చుకి ముందు మూడు హల్లులు, వెనకాల ఇంకో గుంపు. అయినా ఒకటే సిలబుల్. హల్లులెన్నున్నా లెక్క అచ్చుదే.

ఈ ముక్క చెప్పింది బడి కాదు, హిందూపురం నుంచి ఫోన్లో మా నాన్న. రిటైరైన తెలుగు మాస్టారు. "'పుస్తకం'లో 'పు' గురువెట్లయింది రా? రాతలో 'స్త' ఒకే అక్షరం. పలికితే ఆ పొల్లు సకారం ముందుకొచ్చి 'పుస్' అవుతుంది. సిలబులంటే అదే కదా!" గణవిభజన చేసిన పిల్లలకి ఇది ఐదు నిమిషాల పాఠం. ఎవరు చెప్తారు?

ఆఫీసులో నాకూ రెండ్రోజులు యాక్సెంట్ ట్రైనింగ్ ఇచ్చారు. 'వాక్డ్' ఒకటి, 'వాంటెడ్' రెండు. చివరి 'ఈడీ' ట, డ ధ్వనుల తర్వాతే విడి సిలబులవుతుంది. ఇంత చిన్న సూత్రం చెప్పలేదు. దవడ వదులు చేయమన్నారు.

'బాటిల్' దగ్గర నాన్న కూడా ఆగాడు. ఇంగ్లీషువాళ్ళు దాని రెండో సిలబుల్లో అచ్చే పలకరు. 'ట్' వెంటనే 'ల్', ఆ 'ల్'దే అచ్చు పని. మరి లెక్క అచ్చుదేనన్నాం కదా? కాసేపు ఫోన్లో చప్పుడు లేదు. తర్వాత ఒకటే నవ్వు. "ఒరేయ్, అది మన ఌ రా!" సంస్కృతంలో 'కౢప్తం' లాంటి ఒకటి రెండు మాటల కోసం అచ్చుల్లో కూర్చోబెట్టి, ఎందుకూ పనికిరాదని వాచకాల్లోంచి తీసేసిన అక్షరం. పాపకి పలక మీద రాసి చూపించాను, వంకర్లు నచ్చాయట.

టీచరమ్మకి ఇదంతా రాస్తానంటే మా ఆవిడ ఫోన్ లాక్కుంది. ఈ వారం వర్క్‌షీట్లో 'చాక్లెట్' ఉంది. స్పెల్లింగ్ చూస్తే మూడు, చాలామంది నోట్లో రెండే. పాప రెండే కొడతానంటోంది.