షెడ్డు కంప్రెసర్‌కి మాస్క్ తగిలించమంటున్న ఆ మెసేజ్ గురించి

కార్ పెయింటింగ్ వాళ్ల గ్రూపుల్లో ఒక మెసేజ్ ఆగకుండా తిరుగుతోంది. బాగా తెలిసినవాళ్లే, పని వచ్చినవాళ్లే, ‘అందరికీ పంపండి’ అని నాకు పంపుతున్నారు. అందులో ఉన్నది ఇది. టూ కే పెయింట్ (హార్డ్‌నర్ కలిపి కొట్టేది) కొట్టేటప్పుడు కార్ట్రిడ్జ్ మాస్క్ (ఆవిరిని పట్టే ఫిల్టర్ డబ్బీలున్నది) చాలదు, బయటి నుంచి పైపులో గాలి వచ్చే మాస్క్ కావాలి. దానికోసం వేరే పంపు కొనక్కర్లేదు, షెడ్డులో ఉన్న కంప్రెసర్‌కే చార్‌కోల్ ఫిల్టర్ పెడితే చాలు. వాసన రాకపోతే గాలి మంచిదే. ఏ పైపైనా ఫర్వాలేదు, టీ జాయింటు వేసి పైపుని రెండుగా చీలిస్తే ఇద్దరికి సరిపోతుంది. గాలి చాలకపోతే వెల్డింగ్ ఆక్సిజన్ కొద్దిగా కలపండి. ఇదే సెట్టుతో సెప్టిక్ ట్యాంకులో కూడా దిగొచ్చు.

మొదటి మాట నిజం. హార్డ్‌నర్‌లోని ఐసోసయనేట్ల వాసన ముక్కుకి తెలిసేసరికే పరిమితి దాటిపోయి ఉంటుంది. కార్ట్రిడ్జ్ ఎప్పుడు నిండిపోయిందో పెట్టుకున్నవాడికి తెలియదు. ఐసోసయనేట్ల వల్ల ఒకసారి ఆస్తమా పట్టుకుంటే, తర్వాత కాస్త సోకినా ఆయాసం వస్తుంది, ఈ పనే మానుకోవాల్సి వస్తుంది. ఆ మాట రాసినందుకు మెచ్చుకుంటాను. మిగతాదంతా తప్పు.

పైపు, టీ సంగతి త్వరగా తేల్చేద్దాం. మాస్క్, పైపు, ప్రెషర్ మూడూ కలిపి ఒక సెట్టుగానే ఆమోదం పొందుతాయి, తోటకి నీళ్లు పెట్టే పైపు అందులో లేదు. తలంతా కప్పే హుడ్‌కి నిమిషానికి కనీసం 170 లీటర్ల గాలి కావాలి, ముఖానికి అతుక్కునే మాస్క్‌కి 115. చిన్న కంప్రెసర్ ఒక్కరికి కూడా సరిగా ఇవ్వలేదు. అదే లైను మీద పెయింట్ కొట్టే గన్ కూడా ఉంటే, ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా మాస్క్‌లో గాలి పడిపోతుంది. మాస్క్ కప్లింగ్ వేరే ఏ లైనుకీ పట్టకూడదు. టైర్లకి నైట్రోజన్ కొట్టే షెడ్డులో ఎవరైనా పొరపాటున ఆ లైనుకి మాస్క్ తగిలిస్తే, రెండు మూడు ఊపిరుల్లో మనిషి పడిపోతాడు.

ఆయిల్ ఉన్న లైనులోకి ఆక్సిజన్ వెళ్తే మంట అంటుకుంటుందని, పేలొచ్చని ఆక్సిజన్ కలపమన్నవాడికి ఏ వెల్డరైనా చెప్తాడు. అడిగి రాయాల్సింది.

ఇక అసలు విషయం: ఫిల్టర్ పెడితే చాలు, వాసన లేకపోతే మంచి గాలే అన్నది.

కంప్రెసర్ కొత్తగా గాలి పుట్టించదు. తన పక్కనున్న గాలినే పైపులోకి తోస్తుంది. మన షెడ్లలో కంప్రెసర్ ఎక్కడుంటుంది? చోటు కలిసొస్తుందని వెనక మూల, జనరేటర్ పక్కన. కరెంటు పోగానే జనరేటర్ వేస్తారు. కంప్రెసర్ హెడ్‌కి పక్కన ఫిల్టర్ మూత ఒకటుంటుంది, చాలాసార్లు దుమ్ము పట్టి నల్లగా ఉంటుంది. గాలి లోపలికి పోయే దారి అదే. జనరేటర్ పొగ దాని మీదకే వస్తుంది. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ నేరుగా మాస్క్‌లోకి పోతుంది. జనరేటర్ లేకపోయినా, ట్యూనింగ్ కోసం స్టార్ట్ చేసి వదిలేసిన కారు ఒక్కటి చాలు. అదీ లేకపోయినా, ఎండాకాలంలో దుమ్ము పడకూడదని షట్టర్ దించిన రేకుల షెడ్డులో కంప్రెసర్ అదేపనిగా నడిచి మరీ వేడెక్కితే, లోపలి ఆయిలే మాడి అదే విషాన్ని పుట్టించగలదు.

చార్‌కోల్ దీన్ని ఆపదు. అది పట్టుకునేది ఆయిల్ ఆవిరినీ వాసననీ. అంటే ముక్కుకి అందాల్సిన ఒక్క హెచ్చరికనీ ఫిల్టర్ తీసేసి, వాసనే లేని విషాన్ని లోపలికి పంపుతుంది. కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. ముందు తలనొప్పి, వికారం. పెయింటర్ థిన్నర్ వల్లేమో అనుకుంటాడు, మాస్క్ ఉంది కదా అని పని ఆపడు. ఇలాంటి సలహా రాసేవాళ్లకి ఈ ఒక్క సంగతీ తెలియకుండా ఎలా ఉంటుంది?

కార్బన్ మోనాక్సైడ్‌ని కార్బన్ డయాక్సైడ్‌గా మార్చే హాప్‌కలైట్ ఫిల్టర్లు ఉన్నాయి. తేమ తగిలితే అవి పనిచెయ్యవు. మీ కంప్రెసర్ ట్యాంకు కింద డ్రెయిన్ తిప్పి చూడండి, నీళ్లూ ఆయిలూ కలిసి పాల విరుగుడులా కారుతుంది. ముందు ఆ గాలిని ఆరబెట్టాలి, తర్వాతే ఆ ఫిల్టర్.

అమెరికాలో పనిచోట భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఓషా నియమం ప్రకారం, పైపులో వచ్చే పీల్చే గాలి కనీసం గ్రేడ్ డి అనే నాణ్యతలో ఉండాలి. ఆక్సిజన్ 19.5 నుంచి 23.5 శాతం, కార్బన్ మోనాక్సైడ్ 10 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 10 భాగాలు) మించకూడదు. ఆయిల్ కంప్రెసర్‌కి వేడి అలారమో, కార్బన్ మోనాక్సైడ్ అలారమో, రెండూనో ఉండి తీరాలి. వేడి అలారం ఒక్కటే ఉంటే గాలిని తరచూ పరీక్షించాలి. అంత పొడుగు మెసేజ్‌లో అలారం అన్న మాటే లేదు.

మాస్క్‌కి గాలి ఇచ్చే వేరే పంపు ఖరీదు చిన్న షెడ్డు ఓనరుకి భారమే, ఆ బాధ నాకు తెలుసు. ఒక వీధిలో ఇద్దరు ముగ్గురు కలిసి ఆయిల్ లేని పంపు ఒకటి కొనుక్కుని వంతులు వేసుకోవచ్చు. దాన్ని కూడా ఎక్కడ పెడతారన్నదే ముఖ్యం: పెయింట్ కొట్టే చోటికి దూరంగా, ఆరుబయట, గాలి వచ్చే వైపు, బండ్లు ఆగని చోట. స్ప్రే చేసే గదిలోనే పెడితే ఆ ఆవిరినే తిప్పి పీలుస్తారు, పైగా మోటారు నిప్పురవ్వకి థిన్నర్ ఆవిరి అంటుకుంటుంది. స్విచ్ వేశాక పంపు దగ్గర ఒక మనిషి ఉండాలి.

చివరిది సెప్టిక్ ట్యాంకు. పెయింటర్ మాస్క్‌లో గాలి ఆగితే మాస్క్ తీసి బయటికి నడుస్తాడు. ట్యాంకులో ఆ అవకాశం లేదు. అక్కడి హైడ్రోజన్ సల్ఫైడ్ 100 పీపీఎం దగ్గరికి వస్తే ముక్కే మొద్దుబారుతుంది, వాసన పోయిందంటే గాలి బాగుందని కాదు. అలాంటి చోటికి పైపు గాలి మాస్క్‌తో పాటు ఒంటి మీద ఎస్కేప్ సిలిండర్ (పైపు గాలి ఆగితే బయటపడటానికి వాడే చిన్న గాలి సిలిండర్) లేకుండా దిగకూడదు. ఒకడు పడితే వాణ్ని తీయడానికి దిగిన అన్నో తమ్ముడో కూడా తిరిగి రాడు. మన దేశంలో పాకీపనిని నిషేధించిన 2013 చట్టం సెప్టిక్ ట్యాంకుల్లో మనుషుల చేత ప్రమాదకరంగా శుభ్రం చేయించడాన్ని నిషేధించింది, మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. మురుగు కాల్వల్లో చనిపోయినవారి కుటుంబాలకు 30 లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంత జరిగాక పెయింట్ మాస్క్ పెట్టుకుని దిగమని రాస్తారా? ట్యాంకు నిండితే సక్షన్ బండిని పిలవండి. ఆ మెసేజ్ పంపినవాళ్లు కనీసం ఈ ఒక్క పాయింటైనా తప్పని అదే గ్రూపులో ఈ రోజే రాయండి.