అన్నం అడ్డా పక్కనే, పడక మాత్రం ఎక్కడో

హైదరాబాద్‌లో ఐదు రూపాయల భోజనం 2014లో మొదలైంది. ప్రభుత్వాలు మారాయి, అన్నపూర్ణ పేరు పోయి ఇందిరమ్మ పేరు వచ్చింది, కౌంటర్ మాత్రం నిలబడింది. కూలీల అడ్డా ఎక్కడుంటే అక్కడ, పెద్దాసుపత్రి గేటు ఎక్కడుంటే అక్కడ పెట్టారు కాబట్టే నిలబడింది. ఆధార్ అడగరు, రేషన్ కార్డు అడగరు, ఏ ఊరని అడగరు. ఐదు రూపాయలిస్తే పళ్లెం చేతికొస్తుంది. మన మున్సిపల్ యంత్రాంగం పేదల విషయంలో సరిగ్గా చేసిన పనులు వేళ్ల మీద లెక్కపెట్టాల్సి వస్తే ఇది మొదటి వేలు.

మధ్యాహ్నం ఆ కౌంటర్ ముందు నిలబడిన మనిషికే రాత్రి పదకొండింటికి పడక కావాలి. అక్కడికొచ్చేసరికి ఈ తెలివంతా ఎటు పోతుంది? ఇల్లు లేనివాళ్లు రాత్రి తలదాచుకోవడానికి లక్ష జనాభాకు ఒక షెల్టర్ చొప్పున, ఏడాది పొడవునా, ఇరవై నాలుగ్గంటలూ తెరిచి ఉండాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. 2011 లెక్కల ప్రకారం హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ) పరిధి జనాభా 67 లక్షల పైచిలుకు. అంటే అప్పటికే 67 షెల్టర్లు ఉండాలి. అందులో సగం దరిదాపులకు కూడా నగరం ఏనాడూ చేరలేదు. ఉన్నవాటిలో కొన్ని పడకలు ఖాళీగా ఉంటాయి, బయట ఫుట్‌పాత్ నిండిపోయి ఉంటుంది. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో తెలుసుకుంటే తప్ప ఈ సమస్య అర్థం కాదు.

ముందు ఫుట్‌పాత్ మీద ఎవరు పడుకుంటున్నారో చూద్దాం. బేగంబజార్‌లో రాత్రి లారీలు దించే హమాలీలు షట్టర్ల ముందే నడుం వాలుస్తారు. తెల్లారి అడ్డా మీదికి చేరాల్సిన మేస్త్రీ పనివాళ్లు, మట్టి పనివాళ్లు అడ్డాకు దగ్గర్లోనే సర్దుకుంటారు. పెళ్లిళ్ల సీజన్లో క్యాటరింగ్ కుర్రాళ్లు పాత్రలు కడిగి ఫంక్షన్ హాల్ నుంచి బయటపడేసరికి ఒంటి గంట దాటుతుంది. ఉస్మానియా, నిలోఫర్ లాంటి ఆసుపత్రుల దగ్గర, లోపల వార్డులో మనిషిని పెట్టుకుని బయట చాప పరుచుకున్న కుటుంబాలుంటాయి. చెత్త ఏరుకునేవాళ్లు, పిల్లలు వదిలేసిన ముసలివాళ్లు, మతి చలించి తిరిగేవాళ్లు, భర్త తరిమేస్తే వచ్చిన ఆడవాళ్లు ఉంటారు. అడుక్కుని బతికేవాళ్లు వీళ్లలో ఒక భాగం మాత్రమే. అయినా నగరం వీళ్లందరికీ ఒకే ముద్ర వేసింది: బిచ్చగాళ్లు.

ఆ ముద్ర ఖరీదు ఎంతో 2017 నవంబరులో చూశాం. ఇవాంకా ట్రంప్ వస్తున్నారని రెండు నెలల పాటు భిక్షాటన నిషేధిస్తూ పోలీసులు ఉత్తర్వు ఇచ్చారు. దొరికినవాళ్లను చంచల్‌గూడ, చర్లపల్లి జైలు ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. 2000లో క్లింటన్ వచ్చినప్పుడూ ఇలాగే రోడ్లు ఖాళీ చేయించారు. అతిథి విమానం ఎక్కాక జనం మళ్లీ వచ్చారు. రాక ఏం చేస్తారు? వాళ్ల పని ఇక్కడే ఉంది.

షెల్టర్ ఎందుకు ఖాళీగా ఉంటుందో ఇప్పుడు లోపలికెళ్లి చూద్దాం. జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ నిబంధనల ప్రకారం మనిషికి కనీసం 50 చదరపు అడుగుల జాగా ఉండాలి. యాభై మందికి 2,500 చదరపు అడుగులు. ఒక మేనేజరు, మూడు షిఫ్టులకు ముగ్గురు కేర్‌టేకర్లు. తలా నెలకు 12 వేలు అనుకున్నా ఏడాదికి జీతాలే 5 లక్షల 76 వేలు. కరెంటు, నీళ్లు, దుప్పట్ల ఉతుకు, ఫినాయిలు, మోటారు రిపేరు దీనికి అదనం. నిర్వహణను స్వచ్ఛంద సంస్థకు అప్పగిస్తారు, బిల్లులు నెలల తరబడి ఆలస్యమవుతాయి. చేతిలో డబ్బు లేని సంస్థ మొదట ఏం తగ్గిస్తుంది? రాత్రి షిఫ్టు కేర్‌టేకర్‌ను. రాత్రి మనిషి లేకపోతే గేటుకు పదింటికే తాళం పడుతుంది. ఒంటి గంటకొచ్చే క్యాటరింగ్ కుర్రాడికి, రెండింటికి లారీ దించి వచ్చే హమాలీకి ఆ షెల్టర్ ఉన్నా లేనట్టే. కాగితం మీద అది ఇరవై నాలుగ్గంటల షెల్టరే.

రెండోది మరుగుదొడ్లు. యాభై మందికి రెండు దొడ్లుంటే ఒక్కోదానికి పాతికమంది. మనిషికి ఆరు నిమిషాలు వేసుకున్నా చివరివాడి వంతు వచ్చేసరికి రెండున్నర గంటలు పడుతుంది. ఆరింటికల్లా అడ్డాలో ఉండాల్సినవాళ్లు మూడున్నరకే లేచి వరస కట్టాలి. ఆరు దొడ్లుంటే ఇదే పని గంటలోపే తేలిపోతుంది. పైన ట్యాంకు చిన్నదైతే ఐదింటికే నీళ్లు అయిపోతాయి. ఆ పూట నుంచి ఆ షెల్టర్ మీద నమ్మకం పోతుంది.

మూడోది సామాను. తాపీ మేస్త్రీకి తాపీ, తూకం గుండు, రసమట్టం ఉంటాయి. పెయింటర్‌కు బ్రష్షులు, రోలరు. మట్టి పనివాడికి పార, గడ్డపార. అవి పోతే మర్నాటి కూలీ పోయినట్టే. లాకర్లు పెట్టిన చోట కూడా అవి బట్టల సంచికి సరిపడేంతే ఉంటాయి. గడ్డపార పట్టే పొడవాటి అర ఒక్కటి ఉంటే వచ్చే మనుషులు వేరు.

కుటుంబాల సంగతి ఇంకా కష్టం. మగవాళ్ల షెల్టర్ ఒక చోట, ఆడవాళ్లది మరో చోట ఉంటుంది. భార్యాభర్తలు, పదేళ్ల కొడుకు ఉన్న ఇంటిని రెండు ముక్కలు చేసి ఎవరూ లోపలికి వెళ్లరు. ఫుట్‌పాత్ మీద టార్పాలిన్ కట్టుకుంటే కనీసం ముగ్గురూ ఒక్కచోట ఉంటారు. పైగా చాలాచోట్ల గేటు దగ్గర మొదటి ప్రశ్న ఆధార్ గురించే. వానకు తడిసో, దొంగ ఎత్తుకుపోయో కాగితాలు పోగొట్టుకున్నవాళ్లే ఎక్కువగా ఉండే గుంపును అడిగే ప్రశ్నేనా అది?

అన్నిటికంటే పెద్ద లోపం దూరం. అడ్డా ఆరింటికి నిండుతుంది, తొమ్మిదయ్యేసరికి మేస్త్రీలు మనుషుల్ని ఎక్కించుకుని వెళ్లిపోతారు. షెల్టర్ నుంచి అడ్డాకు రెండు బస్సులు మారాల్సి వస్తే ఆ పూట పని దొరకదు. నడిచి పావుగంటలో చేరే దూరమే హద్దు, అంటే ఒక కిలోమీటరు. అంతకు మించితే ఎంత చక్కటి భవనం కట్టినా లాభం లేదు. నగరంలో స్థలం దొరకదంటారు. ఐదు రూపాయల భోజనం కౌంటర్‌కు అడ్డా పక్కన స్థలం ఎలా దొరికింది? రాత్రి ఎనిమిది తర్వాత ఖాళీగా ఉండే మున్సిపల్ మార్కెట్ల పై అంతస్తులు, కమ్యూనిటీ హాళ్లు, వార్డు ఆఫీసుల మిద్దెలు ఎన్ని లేవు?

ఇక్కడే ఫ్లైఓవర్ల సంగతి చెప్పాలి. నిరాశ్రయుల గురించిన ఆలోచన మనకు ఢిల్లీ చలి నుంచి వచ్చింది. హైదరాబాద్‌లో ప్రాణం తీసేవి చలి కంటే ఎక్కువగా వాన, ఎండ. జూన్ నుంచి సెప్టెంబరు దాకా తడవని జాగా ఫ్లైఓవర్ కింద తప్ప ఎక్కడుంది? సుందరీకరణ పేరుతో ఆ జాగాకు ఇనుప గ్రిల్ బిగించి, మట్టి పోసి మొక్కలు నాటుతున్నాం. పడుకునేవాళ్లు నగరం వదిలి వెళ్లరు. బస్టాపుల్లోకి, దుకాణాల మెట్ల మీదికి, డివైడర్ల మీదికి జరుగుతారు. డివైడర్ మీద పడుకున్నవాడి తల పక్కనుంచి లారీ పోతుంది. బస్టాపు నిండిపోతే మొదటి బస్సు కోసం వచ్చే ఆడకూతురు రోడ్డు మీద నిలబడుతుంది. గ్రిల్‌కు పెట్టిన ఖర్చుతో అక్కడ ఒక స్నానాల గది కూడా రాలేదు, నడిచేవాడికి ఫుట్‌పాతూ దక్కలేదు.

దీనికి కాలనీవాసులు చెప్పే అభ్యంతరం ఒకటుంది, అది కొట్టిపారేయాల్సిందేమీ కాదు. ఫుట్‌పాత్ నడవడానికి, దాని మీద మలమూత్రాలుంటే రోగాలొస్తాయి, షెల్టర్ వస్తే తాగి గొడవ చేసేవాళ్లు చేరతారు, ఆడపిల్లలు అటు వెళ్లలేరు అంటారు. ఫుట్‌పాత్ నడవడానికే అన్నది అక్షరాలా నిజం. అందుకే పడక కావాలంటున్నాం. మలమూత్రాల బాధ మరుగుదొడ్డి లేక వచ్చింది, మనిషి ఉండడం వల్ల రాలేదు. ఇక గొడవలంటారా, రాత్రి కేర్‌టేకర్, వెలుతురు, హాజరు పుస్తకం ఉన్న చోట కంటే చీకటి షట్టర్ల ముందే అవి ఎక్కువ.

మరి ఇంత తేలికైన సంగతులు కార్పొరేటర్లకు తెలియవా? తెలుసు. వాళ్లకు ఆ మనుషులు ఓటర్లు కారు, అసలు చిక్కు అక్కడుంది. ఆంధ్రప్రదేశ్‌లో అన్న క్యాంటీన్లు 2019 తర్వాత మూతపడితే అది ఎన్నికల అంశమైంది, 2024 ఆగస్టులో మళ్లీ తెరిచారు. నైట్ షెల్టర్ మూతపడి ఏ నాయకుడైనా ఓడిపోయాడా? కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లు కట్టగలిగిన ప్రభుత్వం అడ్డా పక్కన యాభై పడకలు వేయలేకపోయిందంటే డబ్బు లేక కాదు. ఇళ్లకు దరఖాస్తు చేసేవాడికి చిరునామా ఉంది, ఓటుంది. ఫుట్‌పాత్ మీదివాడికి రెండూ లేవు.

నిజానికి ఓటు హక్కుకు చిరునామా లేకపోవడం అడ్డే కాదు. ఎన్నికల సంఘం నిబంధన స్పష్టంగా ఉంది. ఇల్లు లేని మనిషి ఓటరు నమోదు దరఖాస్తు అయిన ఫారం-6లో తాను పడుకునే చోటు రాస్తే చాలు, నివాస ధ్రువీకరణ పత్రం అక్కర్లేదు. బూత్ లెవెల్ ఆఫీసరు ఒకటికి మించి రాత్రులు ఆ చోటికి వెళ్లి, మనిషి నిజంగా అక్కడే పడుకుంటున్నాడా అని చూసి నిర్ధారించాలి. ఇంత మంచి నిబంధన అమలు దగ్గర ఎందుకు చతికిలపడింది? బీఎల్ఓల్లో ఎక్కువమంది అంగన్‌వాడీ టీచర్లు, మున్సిపల్ చిరుద్యోగులు. పగలంతా సొంత డ్యూటీ చేసి, రాత్రి పదకొండింటికి అఫ్జల్‌గంజ్ ఫుట్‌పాత్ మీదికి ఒంటరిగా వెళ్లమంటే ఏ మహిళ వెళ్తుంది? వాహనం ఇచ్చి, తోడుగా ఇద్దర్ని పంపి, రాత్రి డ్యూటీకి భత్యం ఇస్తేనే అది జరుగుతుంది.

2020 డిసెంబరు జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో 74 లక్షల మందికి పైగా ఓటర్లు, 150 డివిజన్లు. సగటున డివిజన్‌కు యాభై వేలు. పోలింగ్ సగం కూడా దాటలేదు. అంటే పాతిక వేల లోపు ఓట్లను ముగ్గురు నలుగురు పంచుకుంటే కార్పొరేటర్ తేలతాడు. అలాంటి చోట ఐదారు వందల ఓట్లు ఒక్క మాట మీద నిలబడితే ఏ పార్టీ అభ్యర్థి అయినా రాత్రిపూట ఆ ఫుట్‌పాత్ మీద కూర్చుని మాట్లాడతాడు. గేటు తాళం పదింటికి కాక రెండింటికి వేయాలని మేనేజరుకు ఫోన్ చేస్తాడు. కోర్టు ఉత్తర్వు పదిహేనేళ్లలో చేయలేని పనిని ఈ ఐదారు వందల ఓట్లు ఒక్క ఎన్నికలో చేయగలవు.

ఆ కార్పొరేటర్ చేతిలో మాత్రం ఏముంది అంటారా? అక్కడే నగర పాలన డొల్లతనం బయటపడుతుంది. 74వ రాజ్యాంగ సవరణ 1993 నుంచి అమల్లో ఉంది. పట్టణ పేదరిక నిర్మూలన నగరపాలక సంస్థల బాధ్యతల్లో ఒకటని పన్నెండో షెడ్యూలులో రాసి ఉంది. ఒక్క షెల్టర్ పెట్టి చూడండి. స్థలం రెవెన్యూదో, నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏదో అవుతుంది, ఆసుపత్రి పక్కనైతే ఆరోగ్యశాఖది. నీటి కనెక్షన్ జలమండలి ఇవ్వాలి, కరెంటు డిస్కం ఇవ్వాలి, రాత్రి గస్తీ పోలీసులది. కేంద్ర మిషన్ నిర్వహణ డబ్బులు ఐదేళ్లకే ఇస్తుంది, ఆ మిషన్ గడువే 2024లో ముగిసింది. ఆ తర్వాత ఖర్చు కార్పొరేషన్ సొంత బడ్జెట్లో ఏ పద్దు కింద వస్తుందో ఏ ప్రజాప్రతినిధీ తేల్చడు, ఎందుకంటే ఆ ఫైలు కమిషనర్ దగ్గరుంటుంది, కమిషనర్‌ను నియమించేది సచివాలయం. మూడు లక్షల జనాభా దాటిన నగరంలో వార్డు కమిటీలు ఉండి తీరాలని రాజ్యాంగంలోని 243ఎస్ అధికరణం చెబుతోంది. అవి పేరుకే మిగిలాయి. నగరంలో మురుగు కాలువ పొంగినా, వీధి దీపం వెలగకపోయినా, మనిషి డివైడర్ మీద పడుకున్నా జవాబు చెప్పాల్సిన మనిషి ఎవరో మనకు తెలియదు. మేయర్‌కు నిధులు, సిబ్బంది, స్థలాల మీద అధికారం ఇవ్వనంత కాలం ఇది ఇలాగే సాగుతుంది. నిరాశ్రయుల సమస్య ఈ జబ్బుకు కనపడే పుండు మాత్రమే.

ఈలోగా చేయగలిగిన పని ఒకటి కళ్లెదుటే ఉంది. 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా జనగణన జరగబోతోంది. 2011లో ఇల్లు లేనివాళ్లను ఫిబ్రవరి 28న ఒక్క రాత్రిలో లెక్కపెట్టేశారు. దేశం మొత్తం మీద 17.7 లక్షలే తేలారు. ఆ రాత్రి లారీ దించుతున్నవాడు, ఫంక్షన్ హాల్లో ఉన్నవాడు, పోలీసును చూసి పక్క సందులోకి తప్పుకున్నవాడు ఆ లెక్కలో ఉండే అవకాశం ఎంత? ఈసారి మూడు నెలల ముందే డివిజన్ల వారీగా పడుకునే చోట్ల పటం గీయాలి. రాత్రి పదకొండుకు ఒకసారి, మూడింటికి మరోసారి తిరగాలి. ప్రతి బృందంలో స్థానిక హమాలీ సంఘం మనిషో, ఆసుపత్రి వార్డుబోయో ఉండాలి, ఖాకీ బట్టలు మాత్రం వద్దు. అదే బృందం చేతిలో ఫారం-6 కట్ట కూడా ఉండాలి. ఏ డివిజన్‌లో ఎంతమంది తేలారు, ఎన్ని పడకలు తక్కువ పడ్డాయి, ఎన్ని ఫారాలు వచ్చాయి, ఎన్ని తిరస్కరించారు అన్న నాలుగు అంకెలను మున్సిపల్ ఎన్నికల నోటిఫికేషన్‌కు ముందే వార్డు ఆఫీసు బోర్డు మీద పెట్టాలి.