తామరకు వచ్చిన ప్రమోషన్

మన రోగాలకు పేర్లు పెట్టిన పెద్దలకు ముందుచూపు లేదని నా గట్టి అభిప్రాయం. గజ్జి, తామర, చుండ్రు, పులిపిరి! ఈ పేర్లతో రోగి నలుగురిలో తలెత్తుకు తిరగగలడా? గజ్జి అనగానే పక్కవాడు కుర్చీ జరుపుకుంటాడు. అదే ‘స్కేబీస్ అట’ అంటే, ‘అయ్యో, ఎప్పట్నుంచి?’ అంటూ దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంటాడు. పురుగు మాత్రం పేరుతో నిమిత్తం లేకుండా అతనికీ ఎక్కుతుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు పడితే మనవాళ్లు సామెత చెప్పి ఊరుకుంటారు. పారోనైకియా మీద పడి చూడండి, ఊరంతా పరామర్శకు వస్తుంది.

తలలో రూపాయి బిళ్లంత మేర జుట్టు ఊడితే మనం నేరం పేను మీద మోపాం, పేనుకొరుకుడు అన్నాం. గ్రీకులు నక్క మీద మోపారు. డాక్టర్లు ఈ రోగాన్ని పిలిచే అలోపేషియా అనే గ్రీకు మాటలో ఉన్నది నక్కే. అసలు దోషి మన రోగనిరోధక వ్యవస్థ. వెంట్రుకల కుదుళ్లను పరాయివనుకుని దాడి చేస్తుంది. పేనూ, నక్కా రెండూ నిర్దోషులే. అయినా సెలవు చీటీలో పేను చెల్లదు, నక్క చెల్లుతుంది.

ఇక అసలు పేరుతోనే పనిలేని మహానుభావుడు మందుల షాపు అన్న. ‘అన్నా, తొడల్లో దురద’ అని గొంతు తగ్గించి చెబితే చాలు, చూడకుండానే ట్యూబు చేతిలో పెడతాడు. ‘పొద్దున, రాత్రి రాయి. రెండ్రోజుల్లో తగ్గిపోద్ది.’ అందులో ఫంగస్‌కి ఒక మందు, బాక్టీరియాకి ఒకటి, వీటికి తోడు క్లోబెటసోల్ అనే బలమైన స్టెరాయిడ్. నిజంగానే ఎరుపు, దురద తగ్గుతాయి. భలే మందని బావగారికీ సిఫారసు చేస్తాం. ఈలోగా ఫంగస్ లోపల నిశ్చింతగా సంసారం పెంచుకుంటుంది. కొన్నాళ్లకు గుండ్రటి అంచు చెరిగిపోయి, తామరను తామరగా గుర్తుపట్టడమే కష్టమవుతుంది. చర్మవైద్యులు దాన్ని టీనియా ఇన్‌కాగ్నిటో అంటారు, మారువేషంలో తిరిగే తామర. ఒక్క ట్యూబుతో గూఢచారి హోదా!

ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లో షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. ఆ కబురు మా వీధి దాకా ఇంకా రాలేదు. 2020లో జపాన్ పరిశోధకులు, ఫంగస్‌ను చంపే మామూలు టెర్బినఫిన్ బిళ్లలకు ఓ పట్టాన లొంగని ఒక తామర ఫంగస్‌కి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని మన దేశం పేరే పెట్టారు. ఇంత గౌరవం దక్కాక సన్మానసభ పెట్టకపోతే బాగుండదు. షాపు అన్నకు శాలువా కప్పాలి. చప్పట్లు మాత్రం కాస్త ఆలస్యమవుతాయి, సభికుల చేతులు ఖాళీగా ఉండవు కదా.