ఎలుకకి తగ్గింది సరే, మా పిన్నికి?

పొద్దున్నే ఫ్యామిలీ గ్రూపులో మళ్ళీ అదే ఫార్వర్డ్. "క్యాన్సర్‌కి డీఎన్ఏ రోబో వచ్చేసింది, ఇక కీమో అక్కర్లేదు!" దాని కింద పదకొండు దండాలు. ఆ గ్రూపులోనే మా పిన్ని ఉంది. తనకి క్యాన్సర్; కీమోలో ఎక్కించే ఎర్ర మందు మూడో సైకిల్ అయ్యి రెండు వారాలు. మధ్యాహ్నం ఫోన్ చేసి, "ఏమే, నాలుగోది మానేసి దానికోసం ఆగితే పోలా?" అంది. నాకు ఒళ్ళు మండింది. పిన్ని మీద కాదు.

వార్త పచ్చి అబద్ధమైతే కొట్టిపారేయొచ్చు. కాదు, అదే చిక్కు. 2018లో చైనా, అమెరికా శాస్త్రవేత్తలు నిజంగానే డీఎన్ఏని చాపలా అల్లి, గొట్టంలా చుట్టి, లోపల రక్తాన్ని గడ్డకట్టించే త్రాంబిన్ దాచారు. కణితి రక్తనాళాల గోడ మీద న్యూక్లియోలిన్ అనే ప్రోటీన్ తగిలితే చాప విచ్చుకుంటుంది, నాళం పూడుకుపోతుంది, కణితికి తిండి ఆగుతుంది. ఎంత ముచ్చటైన పని! కానీ ఎలుకల్లో. ఆ రెండు మాటలే ఫార్వర్డ్‌లో ఎగిరిపోయాయి.

పిన్నికి ఎక్కించే ఎర్ర మందు, అదే డాక్సోరుబిసిన్, డీఎన్ఏ మెట్ల మధ్య దూరి కూర్చుంటుంది. కణాన్ని చంపే దారుల్లో అదొకటి. ఆ గుణం వల్లే, మందుని కణితి దాకా మోయడానికి ల్యాబుల్లో డీఎన్ఏతో చేసే సంచిలో దానంతట అదే సర్దుకుంటుంది. ఇలాంటివాటికి కణితిని వెతుక్కునే ఏర్పాటూ చేయొచ్చు: కొన్ని క్యాన్సర్ కణాలు ఫోలిక్ ఆమ్లం కోసం ఎగబడతాయి కనక, 2012లో అమెరికాలోని ఎమ్ఐటీ వాళ్ళు డీఎన్ఏతో చేసిన నానోకణాలకి, అంటే కంటికి కనపడనంత చిన్న రేణువులకి, దాన్నే ఎరగా తగిలించారు. (1945లో ఆ ఫోలిక్ ఆమ్లాన్ని ల్యాబులో తయారుచేసిన బృందానికి పెద్ద, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన్ని ఎవరూ ఫార్వర్డ్ చేయరు.)

మరి అడ్డేమిటి? రక్తంలోని ఎంజైములు డీఎన్ఏని కొరికేస్తాయి. మిగిలినదాంట్లో చాలాభాగం కాలేయం లాంటి అవయవాలు పట్టేసుకుంటాయి. కణితికి చేరకుండా దారిలోనే ఆగిపోవడం అసలు నానోకణాల్లో చాలావాటి కథే. 2016లో టొరంటో బృందం పదేళ్ళ ప్రయోగాలు ముందేసుకుని చూస్తే, సగానికి పైగా వాటిల్లో ఎక్కించిన దాంట్లో ఒక శాతం కూడా కణితికి చేరలేదు. "సూటిగా వెళ్ళి కొడుతుంది" అని రాసేవాళ్ళకి ఈ లెక్క ఎవరైనా చెప్పండి.

ఇదంతా పిన్నికి చెప్పాను. ఓపిగ్గా విని, "పోన్లే, ఆ ఎలుకలకైనా జుట్టు ఊడకుండా తగ్గింది కదా" అంది.

"ఆ ప్రయోగాలకి ఎక్కువగా వాడే రకానికి పుట్టుకతోనే జుట్టుండదు పిన్నీ."

చాలాసేపు నవ్వింది. వచ్చే సోమవారం నాలుగో సైకిల్‌కి నేనే తీసుకెళ్తున్నాను.