కొల్లాజెన్ పొర ఉన్నా చర్మదానం అవసరమే

కాలిన గాయాలకు ప్రయోగశాల చర్మం వచ్చేసింది కనుక చర్మదానంతో ఇక పనిలేదని, ప్రయోగశాలలో తయారయ్యే అవయవాలపై మీరు ప్రచురించిన వ్యాసంలో రాయడం తొందరపాటు. చెన్నైలో కాలిన గాయాల వార్డులో నర్సుగా మేము వాడే కొల్లాజెన్ (చర్మానికి బలమిచ్చే ప్రోటీన్) పొర ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నిల్వ చేసి వస్తుంది. దాన్ని సెలైన్‌తో బాగా కడిగి, శుభ్రం చేసిన గాయంపై పరిచి, అడుగున చిక్కిన గాలి బుడగలను వేలితో అంచులకు నెట్టేస్తాము. పైపై గాయమైతే లోపల కొత్త చర్మం వచ్చేకొద్దీ ఆ పొర ఎండి, దానంతటదే ఊడివస్తుంది. లోతుగా కాలినచోట సాధారణంగా రోగి తొడ నుంచో మరోచోటు నుంచో తీసిన చర్మమే అతకాలి. ఒళ్లు చాలా భాగం కాలితే అదీ చాలదు, అప్పుడు దాతల చర్మమే తాత్కాలికంగా కాపాడుతుంది.

శాస్త్రవేత్త యానస్, శస్త్రవైద్యుడు బర్క్‌లు ఆవు కొల్లాజెన్, సొరచేప మృదులాస్థిలోని పదార్థంతో రూపొందించి 1981లో ప్రకటించిన కృత్రిమ చర్మం గొప్పదే, కానీ దానిపైనా రోగి సొంత చర్మాన్ని పలుచగా వేయవలసిందే. ఇక ప్రయోగశాలలో చేసిన కాలేయం కూడా ‘త్వరలో’ వస్తుందని ఆ వ్యాసంలో అన్నారు. రక్తనాళానికి సుమారు 200 మైక్రాన్లు (మిల్లీమీటరులో ఐదో వంతు) దాటి ఉన్న కణాలకు ప్రాణవాయువు సరిగా అందదు. మందపాటి అవయవానికి ఇదే అసలు చిక్కు, వ్యాసంలో దాని ఊసే లేదు.

నెల్లూరు, చిత్తూరుల నుంచి వచ్చే బంధువులు ఇలాంటివి చదివి ‘ల్యాబ్ చర్మం వేయండమ్మా’ అని అడుగుతున్నారు కాబట్టి, చర్మదానం గురించిన ఆ వాక్యాన్నైనా సవరించవలసిందిగా కోరుతున్నాను.